రాయదుర్గంలో ఉద్యోగం, రోజూ మెట్రోలో తిరగాలి: రూమ్ ఎక్కడ చూసుకోవాలి?

కోనసీమ పిల్ల

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి, ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉందట. ఆ చుట్టుపక్కల హాస్టళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. అందుకని మెట్రో లైను మీద కాస్త దూరంగా ఎక్కడైనా తీసుకుని రోజూ రైల్లో వెళ్లొద్దామని ఆలోచన. చుట్టాలూ పక్కాలూ తలా ఒక మాట చెబుతున్నారు. పిన్ని వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, అక్కడికే వచ్చేయమంటున్నారు. కాలేజీ ఫ్రెండ్స్ కేపీహెచ్‌బీలో ఉన్నారు, అందరం కలిసి ఉందాం రా అంటున్నారు. మా అన్నయ్య స్నేహితుడు మాత్రం నాగోల్ అయితే నయం, రైలు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి హాయిగా కూర్చుని వెళ్లొచ్చు అన్నాడు.

నా ఇబ్బంది ఏంటంటే రోజూ రైలెక్కి పనికి వెళ్లడం అంటే ఎలా ఉంటుందో నాకు బొత్తిగా తెలీదు. మా అమలాపురానికి రైలొస్తుందని మా తాతయ్య రోజుల నుంచీ వింటూనే ఉన్నాం, కోటిపల్లి నుంచి నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు, మేం రైలెక్కాలంటే కాకినాడో రాజమండ్రో పోవాల్సిందే. మెట్రో ఎక్కింది ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. ఖాళీగా, చల్లగా, ఎంతో బాగుంది. కానీ ఆఫీసు టైంలో అలా ఉండదని అందరూ భయపెడుతున్నారు. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి, సాయంత్రం ఆరున్నర, ఒక్కోసారి ఎనిమిది అవుతుందట. రోజూ తిరిగేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఇలా రైళ్లలో పనికి వెళ్లేవాళ్లున్నా చెప్పండి, కనీసం ధైర్యమైనా వస్తుంది.

ఉప్పల్ బాబాయ్

నేను ఉప్పల్‌లో ఎక్కి రాయదుర్గంలో దిగే మనిషిని. 2019 నవంబర్‌లో లైను రాయదుర్గం దాకా వచ్చినప్పటి నుంచీ ఇదే దారి, మధ్యలో కరోనా పుణ్యమా అని ఇంట్లో కూర్చుని పని చేసిన కాలం తీసేస్తే. అంతకుముందు కొన్నాళ్లు హైటెక్ సిటీ దాకానే రైలు, ఇంకా ముందు అమీర్‌పేటలో దిగి బస్సు కోసం పరుగు. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మ్యాప్ బుర్రలో పెట్టుకుంటే సగం డౌట్లు పోతాయి. ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్. నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం. ఆకుపచ్చది చిన్నది, జేబీఎస్ బస్టాండు పక్కనున్న పరేడ్ గ్రౌండ్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా. ఎరుపూ నీలం కలిసేది అమీర్‌పేటలో. మీ ఆఫీసు నీలం లైనుకి ఆ చివర. అంటే నాగోల్ వైపు ఉంటే ఒకటే రైలు. దిల్‌సుఖ్‌నగర్ అయినా కేపీహెచ్‌బీ అయినా ఎర్ర లైను, అమీర్‌పేటలో దిగి మారాలి.

అందులో కేపీహెచ్‌బీ నుంచి మెట్రో అన్న ఆలోచన మానుకోండి. రోడ్డు మీద పోతే హైటెక్ సిటీ అక్కడికి దగ్గరే. మెట్రోలో అయితే ఊళ్లోకి అమీర్‌పేట దాకా వచ్చి, మళ్లీ వెనక్కి జూబ్లీహిల్స్, మాదాపూర్ మీదుగా పోవాలి. ఫ్రెండ్స్‌తో ఉండాలనిపిస్తే ఉండండి, కానీ అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో చూసుకోవాలి.

మీ అన్నయ్య స్నేహితుడు చెప్పింది సగం నిజం. నాగోల్‌లో సీటు దొరుకుతుంది, కానీ ఎనిమిది దాటాక వచ్చిన రైలే ఎక్కుతానంటే కష్టం, ఒకటి వదిలేసి వరుసలో ముందు నిలబడితే తర్వాతి దాంట్లో దొరుకుతుంది. ఉప్పల్‌లో బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు జనమంతా వచ్చి పడతారు. అక్కడితో సీట్లు అయిపోతాయి. తార్నాకకి నిలబడే చోటు కూడా పలచబడుతుంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో రైలు దిగొచ్చినవాళ్లు పెట్టెలు, సంచులతో ఎక్కుతారు, పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ లైను వాళ్లు. బేగంపేట దాటే సరికి ఇక మనిషి కదలడు.

ఇక అమీర్‌పేట. అక్కడే ఉంది అసలు సంగతి. ఎనిమిదిన్నర నుంచి పది మధ్య చూడాలి. రైలు రాకముందే ప్లాట్‌ఫామ్ మీద తలుపులు ఆగే చోట జనం వరుసలు కట్టి ఉంటారు. దిగేవాళ్లు మధ్యలోంచి, ఎక్కేవాళ్లు పక్కల నుంచి అని నేల మీద బాణాలు గీసి ఉంటాయి, తలుపు తెరిచిన మొదటి రెండు మూడు సెకన్లే ఆ బాణాలకు మర్యాద. దిగేవాళ్లు సగం మంది కూడా దిగకముందే ఎక్కేవాళ్లు మొదలుపెడతారు, తలుపు మూసుకోబోయి ఎవరి బ్యాగో అడ్డం పడి మళ్లీ తెరుచుకుంటుంది, లోపల నుంచి ఒకాయన "అన్నా, తర్వాతి దాంట్లో రా అన్నా" అని బతిమాలతాడు, బయటున్నవాడు వినిపించనట్టు కాలు లోపల పెడతాడు. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తే మీరు ఆ ప్లాట్‌ఫామ్ మీదున్నవాళ్లలో ఒకరు. నాగోల్ వైపు నుంచి వస్తే అప్పటికే లోపలున్నవాళ్లలో ఒకరు. చెప్పుకోవడానికి చిన్న తేడా, వారంలో ఐదు రోజులు అనుభవిస్తే తెలుస్తుంది.

రద్దీకి కారణం అందరికీ తెలిసిందే, మూడు కోచ్‌ల రైళ్లు. ల్యాప్‌టాప్ బ్యాగు వీపు మీదే ఉంచుకుని ఎక్కేవాడు ఇద్దరి చోటు తింటాడు, పైగా అటు తిరిగినప్పుడల్లా వెనకవాడి ముక్కుకి తగులుతుంది. బ్యాగు ముందుకు వేసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఖర్చు సంగతి. 2025 మేలో రేట్లు పెంచారు. అంతకుముందు 10 నుంచి 60 రూపాయలు ఉండేది, పెంచాక 11 నుంచి 69 అయింది. నాగోల్ నుంచి రాయదుర్గం అంటే లైను ఈ చివర నుంచి ఆ చివర, 69 పడుతుంది. రానూపోనూ 138. నెలకి 22 రోజులు వేసుకుంటే మూడు వేలు దాటింది. హాస్టల్ అద్దెలో మిగిలేది దీనికన్నా ఎక్కువుంటేనే దూరంగా తీసుకోవడంలో అర్థం ఉంది, ఆ లెక్క కాగితం మీద వేసుకోండి. ప్రయాణం గంటకి కాస్త అటూ ఇటూ.

సాయంత్రం మీకే లాభం. రాయదుర్గం మొదటి స్టేషన్ కాబట్టి ఒక రైలు వదిలేస్తే సీటు ఖాయం. వాన పడిన రోజు తప్ప. వాన పడితే బైకులవాళ్లు, క్యాబ్ దొరకనివాళ్లు అందరూ మెట్రోకే వస్తారు, వరుస మెట్ల కింద దాకా వస్తుంది. అలాంటి రోజు ఆఫీసులోనే టీ తాగి మెల్లగా బయల్దేరడం మంచిది.

కోనసీమ పిల్ల

బాబాయ్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. కేపీహెచ్‌బీ కొట్టేశాను, ఫ్రెండ్స్‌కి చెప్తే ముఖాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు పిన్ని ఇల్లా, నాగోల్ వైపు హాస్టలా అన్నదే మిగిలింది. పిన్ని ఇంట్లో అద్దె లేదు, భోజనం ఇంటిదే. నాన్నకి అదే ఇష్టం. అమ్మాయిలెవరైనా రోజూ వెళ్లేవాళ్లుంటే ఆ రద్దీలో ఎలా ఉంటుందో, రాత్రి తొమ్మిదింటికి వస్తే ఫర్వాలేదా అన్నది చెప్పగలరా?

తార్నాక అక్క

నేను చెప్తా చెల్లీ. తార్నాకలో ఎక్కి మాదాపూర్‌లో దిగుతాను.

రైల్లో ఒక చివర లేడీస్‌కి కేటాయించిన భాగం ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద కూడా రాసి ఉంటుంది, అక్కడే నిలబడు. అందులోనూ తోపులాట ఉంటుంది, ఆడవాళ్లం కదా అని ఎవరూ మెత్తగా తోయరు. కానీ ఎవరి చెయ్యి ఎక్కడుందో అన్న టెన్షన్ ఉండదు, నా వరకు అది చాలు. మగవాళ్లు తెలియకో, తెలియనట్టో అందులో నిలబడితే "భయ్యా, ఇది లేడీస్" అని ఒకసారి గట్టిగా అంటే చాలామంది జరుగుతారు. జరగనివాడుంటే తలుపు పక్కన డ్రైవర్‌తో మాట్లాడే బటన్ ఉంటుంది, స్టేషన్‌లో సెక్యూరిటీ ఉంటారు, మొహమాట పడకు. జనరల్ కోచ్‌లో నాకు ఒకసారి చెడ్డ అనుభవం అయింది, అప్పుడు పక్కనున్న పెద్దావిడ నాకన్నా ముందు అరిచింది, వాడు తర్వాతి స్టేషన్‌లో దిగి పారిపోయాడు. అప్పటి నుంచి నేను నడవాల్సి వచ్చినా లేడీస్ వైపే వెళ్తాను.

భయపెట్టాలని కాదు, సరదా కూడా ఉంటుంది. పారడైజ్ దాటాక మేకప్ సామాన్లు బయటికొస్తాయి. మా కోచ్‌లో ఒక అమ్మాయి ఉంది, ఒక చేత్తో ఫోన్ అద్దంలా పట్టుకుని, మోచేయి స్తంభానికి ఆనించి ఐలైనర్ గీసుకుంటుంది. బేగంపేట నుంచి అమీర్‌పేట లోపు కుడి కన్ను అయిపోతుంది, రైలు బ్రేక్ వేసేటప్పుడు చెయ్యి ఎత్తేస్తుంది, మళ్లీ కదలగానే ఎడమ కన్ను. వంకర పోగా నేను చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లం ఊపిరి బిగబట్టి చూస్తాం.

రాత్రి తొమ్మిది అంటే రైల్లో భయం ఏమీ లేదు, అప్పటికీ జనం ఉంటారు. చూసుకోవాల్సింది స్టేషన్ దిగాక నీ హాస్టల్ దాకా ఉన్న దారి. మెయిన్ రోడ్డు మీద దుకాణాలు తెరిచి ఉండే దారా, లోపల సందులా? రూమ్ చూడటానికి పగలు కాదు, రాత్రి తొమ్మిదికి వెళ్లి చూడు. నా మాట విను, ఇది మెట్రో రేటు కన్నా ముఖ్యం.

ఇంకోటి. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ అని 2023 డిసెంబర్ నుంచి ఉంది కదా, దాన్ని లెక్కలో వేసుకుంటున్నావేమో. నీ ఆధార్‌లో అమలాపురం అడ్రస్ ఉంటే కండక్టర్ జీరో టికెట్ ఇవ్వరు, అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకే. ఇక్కడ స్థిరపడ్డాక అడ్రస్ మార్చుకుంటే అప్పుడు చూసుకోవచ్చు. మా ఆఫీసులో కొందరు జీతం చివర్లో మెట్రో మానేసి బస్సెక్కుతారు, ఫ్రీయే గానీ ట్రాఫిక్‌లో చాలాసేపు నిలబడాలి.

పిన్ని ఇల్లు అయితే నేనేమంటానంటే, ఇంటి అన్నం దొరికేచోట అమీర్‌పేటలో రైలు మారడం అంత పెద్ద కష్టం కాదు. అద్దె లేదంటున్నావు, ఇంకేం కావాలి? బాబాయ్ గారు అమీర్‌పేటని మరీ యుద్ధరంగం చేసి చెప్పారు.

ఉప్పల్ బాబాయ్

యుద్ధరంగం నేను చేయలేదమ్మా, అది అలాగే ఉంది :) మీరు లోపల నుంచి చూస్తారు కాబట్టి తెలియదు.

లింగంపల్లి పాతకాపు

ఎవరూ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ఊసెత్తలేదేంటి? 2003లో మొదలైనప్పుడు మెట్రో అన్న మాటే లేదు ఈ ఊళ్లో. ఐదు రూపాయలు, పది రూపాయలతో ఊరు దాటించిన రైలు అది. ఇప్పటికీ నెల పాస్ తీసుకుంటే మెట్రోలో కొన్ని రోజుల ఖర్చుతో నెలంతా తిరగొచ్చు. లింగంపల్లిలో ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, బేగంపేట, అలా సికింద్రాబాద్ దాకానో నాంపల్లి దాకానో.

మెట్రోలో కిటికీ తెరుచుకోదు, తిండి తినకూడదు, అందరూ చెవుల్లో ఏదో పెట్టుకుని ఫోన్లు చూస్తుంటారు. ఎంఎంటీఎస్‌లో తలుపు దగ్గర గాలి, నెక్లెస్ రోడ్ దగ్గర హుస్సేన్‌సాగర్, ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు. జామకాయ అమ్మే ఆయన బుట్ట ఒడిలో పెట్టుకుని, కాయని చేతిలోనే నాలుగు చీరి, చివర విడిపోకుండా పువ్వులా విప్పి, మధ్యలో కారం కూరి ఇస్తాడు, రైలు ఊగుతున్నా చెయ్యి తెగదు. బేగంపేటలో దిగాలనుకున్నవాడు ఆ కాయ చేతిలోకి వచ్చేదాకా లేవడు. అదే రైల్లో పెళ్లి సంబంధాలు కుదిరాయి, చీటీ పాటలు నడిచాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. హైటెక్ సిటీ అని ఎంఎంటీఎస్‌కి ఒక స్టేషన్ ఉంది, మెట్రోకి ఒక స్టేషన్ ఉంది. రెండూ ఒకటి కాదు, ఒక దాంట్లో దిగి ఇంకోదానికి పోవాలంటే ఆటో ఎక్కాల్సిందే. కొత్తవాళ్లు పేరు చూసి బోల్తా పడతారు.

సనత్‌నగర్ కుర్రోడు

పెద్దాయనా, మీ జామకాయకి దండం, కానీ తొమ్మిదిన్నరకి లాగిన్ అవ్వాల్సిన అమ్మాయికి ఎంఎంటీఎస్ చెప్పకండి. దానికి సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బళ్లు నడిచే లైను మీదే ఇదీ నడవాలి, దూరం బండి వెనకాల వస్తుంటే దీన్ని పక్కన ఆపాల్సిందే. ఒక బండి పోతే ఇంకోటి ఎప్పుడొస్తుందో టైంటేబుల్ చూసుకుని మరీ బయల్దేరాలి. మెట్రోలో టైంటేబుల్ ఎవడైనా చూస్తాడా? వస్తుంది, ఎక్కుతాం. డబ్బు తేడా అందుకే. పైగా లింగంపల్లి నుంచి రాయదుర్గం పోవడానికి ఎంఎంటీఎస్ ఎందుకు, బస్సు లేదా?

కళ్యాణ్ కాకా

బిడ్డా, నేను ముంబై పక్కన కళ్యాణ్‌లో ఉంటాను. మా నాయన సిరిసిల్ల నుంచి భివండికి మరమగ్గాల పనికి వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. ముప్పై ఏళ్లు దాటింది నేను లోకల్‌లో తిరగబట్టి. మీ అమీర్‌పేట కబుర్లు చదివి మా ఆవిడకి వినిపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. మూడు కోచ్‌లకే అంత కష్టమా! ఇక్కడ పన్నెండు, పదిహేను డబ్బాల రైలు, నిమిషాల తేడాతో ఇంకోటి, అయినా కాలు పెట్టే చోటుండదు.

నీకు పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను. లోకల్ అంటే ముందు ఫాస్టా స్లోనా చూసుకోవాలి, ఫాస్ట్ అన్ని స్టేషన్లలో ఆగదు. దాదర్‌లో దిగాలంటే రెండు స్టేషన్ల ముందే లేచి తలుపు వైపు జరగాలి. ముందున్నవాణ్ణి "దాదర్?" అని అడగాలి. అవునంటే వాడి వెనక నిలబడు, కాదంటే వాడు నిన్ను ముందుకు పంపుతాడు. ఈ ఒక్క ప్రశ్నతో లోపల మొత్తం వరుస సర్దుకుంటుంది. ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పరు. తప్పినవాడికి దిగే స్టేషన్ దాటిపోతుంది. మీ మెట్రోలో తలుపు దగ్గరే పాతుకుపోయే జనం ఇది నేర్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది. నువ్వు ముందు మొదలుపెట్టు, "హైటెక్ సిటీలో దిగుతున్నారా?" అని అడుగు, సిగ్గుపడకు.

ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవాడికి కూడా హక్కుంది ఇక్కడ. వాడొచ్చి "జరా సర్‌కో" అంటే ముగ్గురూ జరుగుతారు, వాడు సగం గాల్లో కూర్చుంటాడు. సీటు కోసం కొందరు ఉల్టా వెళ్తారు, అంటే తమ స్టేషన్ నుంచి వెనక్కి రైలు మొదలయ్యే చోటిదాకా పోయి, అందులోనే కూర్చుని తిరిగొస్తారు. ఆ ముక్కకి కూడా పాస్ ఉండాలి, లేకపోతే టీసీ ఫైన్ వేస్తాడు. మీ రాయదుర్గంలో ఆ అవసరం లేదు, నీ ఆఫీసే చివరి స్టేషన్‌లో ఉంది, అదృష్టవంతురాలివి.

ఇక తలుపు దగ్గర గాలి అని పైన పెద్దాయన రాశారు. నాకు కోపం వచ్చింది, క్షమించాలి. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర వంపులో రెండు లోకళ్లు ఎదురైనప్పుడు తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు ఒకరికొకరు తగిలి కింద పడ్డారు, కొందరు చనిపోయారు. నేను రోజూ పోయే లైను అది. కసారా నుంచి, కర్జత్ నుంచి వచ్చే పిల్లలు, మా అబ్బాయి వయసు వాళ్లు. గాలి కోసం కాదు వాళ్లు తలుపులో నిలబడింది, లోపల చోటు లేక. మెట్రోలో తలుపు మూసుకుంటే గానీ రైలు కదలదు కదా, దాని విలువ మీకు తెలియదు. ఊపిరాడకపోతే ఆడకపోయింది, మనిషి ఇంటికి చేరతాడు.

లింగంపల్లి పాతకాపు

కళ్యాణ్ అన్నా, మీరన్నది నిజం. తలుపు మాట వెనక్కి తీసుకుంటున్నా. జామకాయ మాట మాత్రం తీసుకోను.

ద్వారకా సెక్టార్ తెలుగోడు

ఢిల్లీ నుంచి. ఇక్కడ మెట్రో 2002లో మొదలుపెట్టినప్పుడు నాలుగు కోచ్‌లే, తర్వాత ఆరు, ఎనిమిది చేసుకుంటూ పోయారు. లేడీస్‌కి మొదటి కోచ్ పూర్తిగా ఇచ్చేశారు, 2010 నుంచి. హైదరాబాద్‌లో ప్లాట్‌ఫామ్‌లు ఆరు కోచ్‌లు పట్టేలా కట్టి మూడు కోచ్‌లు తిప్పుతుంటే చూడటానికే బాధగా ఉంటుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా ప్లాట్‌ఫామ్ ఖాళీ చివర నిలబడటం, రైలు అక్కడిదాకా రాకపోవడం, పరిగెత్తడం. అలవాటు పోవడం లేదు.

జర్నల్ స్క్వేర్ నివాసి

ఇది మీ ప్రశ్నకి సూటి జవాబు కాదు, కానీ ధైర్యం కావాలన్నారు కాబట్టి రాస్తున్నా. నేను జెర్సీ సిటీలో ఉంటాను, ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది. పాత్ (PATH) అనే రైలెక్కి నది కింద నుంచి మన్‌హాటన్ పోయి, అక్కడ సబ్‌వే ఎక్కుతాను. మా ఊరు తాడేపల్లిగూడెం, కాలేజీకి పాసింజర్ బండిలో తిరిగినవాణ్ణి, రైలంటే నాకు కొత్తేముంది అనుకున్నాను.

న్యూయార్క్ సబ్‌వే 1904 నాటిది, దాని వయసు లోపలికి దిగగానే ముక్కుకే తెలుస్తుంది. ఎలుకలు పట్టాల మధ్య తమ పని తాము చూసుకుంటుంటాయి. ఎండాకాలం రైల్లో ఏసీ ఉంటుంది, ఆ వేడంతా తెచ్చి ప్లాట్‌ఫామ్ మీద పోస్తుంది, రైలు వచ్చేలోపు చొక్కా తడిసిపోతుంది. కానీ రాత్రి రెండింటికైనా రైలుంటుంది, ఎంత దూరం పోయినా ఒకటే రేటు, దిగేటప్పుడు కార్డు చూపించే పని లేదు.

కొత్తగా వచ్చిన ప్రతి మనవాడికీ నేను చెప్పేది ఒకటే. జనంతో కిక్కిరిసిన రైల్లో ఒక పెట్టె మాత్రం ఖాళీగా వచ్చి ఆగిందంటే, మన అదృష్టం అనుకుని అందులో ఎక్కకూడదు. ఏసీ చచ్చిపోయైనా ఉంటుంది, భరించలేని వాసనైనా ఉంటుంది. అక్కడి పాతవాళ్లు దాన్ని చూసి పక్క పెట్టెలోకి దూరుతుంటారు, వాళ్ల వెనకే పోవాలి. ఇంకోటి, కొన్ని స్టేషన్లలో రోడ్డు మీద మెట్లు దిగేముందే బోర్డు చదవాలి, ఒక వైపు మెట్లు అప్‌టౌన్ రైళ్లకే, ఎదురు వైపు మెట్లు డౌన్‌టౌన్‌కే. లోపలికి పోయాక అవతలికి దాటే దారి ఉండదు. శని ఆదివారాలు పట్టాల పని అంటారు, ఎక్స్‌ప్రెస్ లోకల్ అయిపోతుంది, ఒక లైను రైలు ఇంకో లైను మీద పోతుంది. మైక్‌లో చెబుతారు, ఏం చెప్పారో అమెరికాలో పుట్టినవాడికి కూడా అర్థం కాదు, అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

హైదరాబాద్ వచ్చినప్పుడు మెట్రో ఎక్కితే "తర్వాతి స్టేషన్ అమీర్‌పేట" అని శుభ్రమైన తెలుగులో వినిపిస్తుంది కదా. మీరంతా చెవుల్లో ఏవో పెట్టుకుని వినరు. నేనొక్కణ్ణే పై స్పీకర్ వైపు చూస్తూ నిలబడతా, మా అక్క కొడుకు "మామయ్యా, పరువు తీయకు" అంటాడు.

కోనసీమ పిల్ల

అందరికీ పేరుపేరునా థాంక్స్. నాన్నకి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను, కళ్యాణ్ కాకా గారి మాటలకి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మెట్రో అయితే తలుపు మూసుకుంటుందిగా, సరే" అన్నారు.

ఇలా అనుకుంటున్నాను. మొదటి రెండు మూడు నెలలు పిన్ని ఇంట్లో ఉంటాను, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లి అమీర్‌పేట సంగతి నేనే చూస్తాను. ఈలోగా హబ్సిగూడ, ఉప్పల్ వైపు హాస్టళ్లు చూసుకుంటాను, తార్నాక అక్క చెప్పినట్టు రాత్రి పూట వెళ్లి చూస్తాను. హబ్సిగూడలో స్టేషన్‌కి దగ్గరగా ఒకటి ఉందట, మెయిన్ రోడ్డుకి రెండో ఇల్లు. ఎలా ఉంటుంది?

తార్నాక అక్క

మెయిన్ రోడ్డుకి రెండో ఇల్లంటే నాకు నచ్చింది. సీటు మీద మాత్రం ఆశ పెట్టుకోకు, హబ్సిగూడకి సీట్లు మిగలవు, స్తంభం పట్టుకునే చోటు దొరుకుతుంది. తీసుకునే ముందు పొద్దున టిఫిన్ ఎన్నింటికి పెడతారో అడుగు. చాలా హాస్టళ్లలో ఎనిమిదిన్నరకి గానీ వంటగది తెరవరు, నువ్వు ఎనిమిదింపావుకల్లా ప్లాట్‌ఫామ్ మీద ఉండాలి. డబ్బు కట్టేది వాళ్లకి, ఇడ్లీ కొనుక్కునేది స్టేషన్ కింద బండి దగ్గర అవుతుంది.

ఉప్పల్ బాబాయ్

ఆ బండి ఇడ్లీ బాగానే ఉంటుంది లెండి. కాకపోతే పొట్లం విప్పకుండా బ్యాగులో పెట్టుకోవాలి, లోపల తినకూడదు. చట్నీ కవర్ ముడి రెండుసార్లు వేయించుకోండి.